ఒడిలో పట్టుకుంటే సరిపోదు

పుట్టిలోగానీ చిన్న నాటుపడవలోగానీ పసిపిల్లల ప్రాణానికి తల్లి ఒడి పూచీ కాదు. చంటిబిడ్డలు ఒడిలో ఉంటే భయం లేదన్న గతవారం వ్యాసంలోని మాట సరిదిద్దవలసినది. పడవ బోల్తా పడితే ఆ తల్లికే చేతులు ఆడవు. బిడ్డను కొంగుతో నడుముకు కట్టుకుంటే ఇద్దరికీ ప్రమాదమే.

రెండు మూడేళ్ల పిల్లలకు ఒంటితో పోలిస్తే తల బరువెక్కువ; నీటిలో పడితే ముఖం కిందికి వాలుతుంది. అందుకే వాళ్ల లైఫ్ జాకెట్‌కు తలను ఎత్తిపట్టే కాలరు, కాళ్ల మధ్య నుంచి బిగించే పట్టీ, మెడ వెనక పట్టి లాగేందుకు పిడి ఉంటాయి. పెద్దల జాకెట్ తొడిగితే అది పైకి తేలుతుంది, బిడ్డ కిందికి జారిపోతుంది. ఒడ్డునే తొడిగి, భుజాల దగ్గర పట్టి పైకి లాగి చూడాలి. గడ్డం దాటి చెవుల దాకా వస్తే ఆ జాకెట్ పనికిరాదు.

హంద్రీ-నీవా నీళ్లు కదిరి దగ్గరి చెర్లోపల్లికి, పెనుకొండ దగ్గరి గొల్లపల్లికి చేరాక నంబులపూలకుంట వంటి మెట్ట ఊళ్లవాళ్లకూ నీటి సరదా దగ్గరైంది. ఈత మాత్రం చాలామందికి రాదు. 2017 ఏప్రిల్‌లో గుంతకల్లు మండలం ఎర్రతిమ్మరాజు చెరువులో పడవ మునిగి పదిమందికి పైగా చనిపోయారు, పాపం, వారిలో పిల్లలూ ఉన్నారు.

చిన్న పడవను ముంచేవి ఎక్కువగా అధిక బరువు, అందరూ ఒక్కపక్కకు ఒరగడం. చంటిబిడ్డనూ ఒక మనిషిగానే లెక్కపెట్టాలి. పుట్టిలో పిల్లలను అంచున కాక అడుగున కూర్చోబెట్టాలి. బిడ్డ కొలతకు జాకెట్ దొరకని రేవులో పడవ ఎక్కించకూడదు.

— ఒక పాఠకుడు, నంబులపూలకుంట