పొగ ఎక్కడికి పోయింది?

విద్యుత్ వాహనాల మీద ఢిల్లీలో సాగే చర్చ ఏటా అవే ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది. ఎన్ని అమ్ముడయ్యాయి? రాయితీ ఎంత? ఒక్క చార్జింగ్‌తో ఎన్ని కిలోమీటర్లు? బండి నడవడానికి కాక, ఊరికే ఎంత కరెంటు తాగుతోందన్న ప్రశ్న అరుదుగా వినిపిస్తుంది. ఆ ప్రశ్నను అడగాల్సిన చోటు అండమాన్ నికోబార్ దీవులు.

ఎందుకంటే ఆ దీవులకు ప్రధాన భూభాగపు గ్రిడ్‌తో సంబంధం లేదు. ఉత్తర అండమాన్‌లో 5.25 మెగావాట్ల కల్పాంగ్ జలవిద్యుత్ కేంద్రం ఉంది. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ పరిసరాల్లో సౌర ఫలకాలున్నాయి. అయినా దీపం వెలిగేది ప్రధానంగా డీజిల్ జనరేటర్లతోనే. ఆ డీజిల్ ఓడల్లో రావాలి. దాని ఖరీదుకూ వినియోగదారుడు కట్టే బిల్లుకూ మధ్య ఉన్న అంతరాన్ని పూడ్చేది కేంద్ర ఖజానా. అంటే మనమందరం.

ఇప్పుడు నష్టాల సంగతి చూద్దాం. గోడ సాకెట్ నుంచి తీసుకున్న విద్యుత్తంతా బ్యాటరీలోకి చేరదు. చార్జర్‌లో, తీగల్లో, బ్యాటరీలో వేడి రూపంలో సాధారణంగా పది నుంచి పదిహేను శాతం పోతుంది. ఇంటి సాకెట్‌కు తగిలించి నెమ్మదిగా చార్జ్ చేస్తే, ఆ గంటలన్నీ బండిలోని ఎలక్ట్రానిక్స్ మేలుకునే ఉంటాయి కనుక నష్టం ఇంకా పెరగవచ్చు. ఆపి ఉంచిన బండి కూడా ఫోన్ యాప్‌తో మాట్లాడుతూ, తన బ్యాటరీని తానే కనిపెట్టుకుంటూ కొంత ఖర్చు చేస్తుంది. వీటన్నిటికీ తోడు ఎయిర్ కండిషనర్.

దీవుల్లో ఈ చివరి పద్దు చిన్నది కాదు. ఉత్తరాన డిగ్లీపూర్ వైపు వెళ్లే అండమాన్ ట్రంక్ రోడ్డు జరావా తెగ అభయారణ్యం గుండా పోతుంది. అక్కడ జిర్కాటాంగ్ వద్ద ఆగి, నిర్ణీత వేళల్లో కాన్వాయ్‌గానే కదలాలి. ఆ ఉక్కలో ఎయిర్ కండిషనర్ వేసుకుని గంటసేపు నిరీక్షిస్తే సుమారు ఒక యూనిట్ ఖర్చవుతుంది. చిన్న కారు ఆరేడు కిలోమీటర్లు వెళ్లడానికి సరిపోయే విద్యుత్తు అది.

ఒక ఉజ్జాయింపు లెక్క వేద్దాం. లీటరు డీజిల్‌తో జనరేటర్ దాదాపు మూడున్నర యూనిట్లు ఇస్తుంది. పంపిణీ తీగల్లో పోయేది పక్కన పెట్టినా, చార్జింగ్ నష్టం పోగా బ్యాటరీకి చేరేది మూడు యూనిట్ల పైచిలుకు. యూనిట్‌కు ఏడు కిలోమీటర్ల చొప్పున ఇరవై ఒకటి, ఇరవై రెండు కిలోమీటర్లు. నిలిపి ఉంచినప్పుడు కారేదీ, చల్లదనానికి పోయేదీ తీసేసి యూనిట్‌కు ఆరు కిలోమీటర్లే అనుకుంటే పద్దెనిమిది. అదే లీటరును నేరుగా చిన్న డీజిల్ కారులో పోసినా దాదాపు అంతే దూరం వెళ్లవచ్చు!

దీనర్థం విద్యుత్ వాహనం మోసమని కాదు. పెట్రోలు ఇంజన్ ఇంధనశక్తిలో పావు వంతుకు అటూ ఇటూగానే చక్రాలకు అందిస్తుంది. అదీ దుబారా యంత్రమే. సౌర, పవన విద్యుత్తు పెరిగే గ్రిడ్‌లో విద్యుత్ వాహనానిదే పైచేయి. డీజిల్ దీవుల్లో మాత్రం ఆ ఆధిక్యం అతి పలచన. మిగిలేదెంతో తేల్చేవి ఈ నష్టాలే. వీధిలో కనిపించని పొగ అదే నగరంలోని చాథాం, ఫీనిక్స్ బే విద్యుత్ కేంద్రాల గొట్టాల్లోంచి లేస్తుంటే, దాన్ని 'శూన్య ఉద్గారం' అని ఎలా పిలుస్తాం?

విధానం ఈ తేడాను గుర్తించడం లేదు. 2024 అక్టోబరులో 10,900 కోట్ల రూపాయలతో మొదలైన పీఎం ఈ-డ్రైవ్ పథకం ద్విచక్ర వాహనాలకు ఇచ్చే ప్రోత్సాహకాన్ని బ్యాటరీ పరిమాణాన్ని బట్టి లెక్కగట్టింది. పెద్ద బ్యాటరీకి ఎక్కువ సొమ్ము, దానికో గరిష్ఠ పరిమితి. గోడ నుంచి తక్కువ యూనిట్లు తీసుకునే బండికి ప్రత్యేక బహుమతి లేదు. అమెరికాలో ప్రతి కొత్త విద్యుత్ కారు లేబుల్ మీద చార్జింగ్ నష్టాన్ని కలిపిన వినియోగ సంఖ్యను ముద్రిస్తారు. మన షోరూముల్లో ఘనంగా కనిపించేది 'రేంజ్' ఒక్కటే.

చేయవలసింది కష్టమేమీ కాదు. వంద కిలోమీటర్లకు సాకెట్ నుంచి ఎన్ని యూనిట్లు, నిలిపి ఉంచితే రోజుకు ఎంత నష్టం అన్న రెండు సంఖ్యలను బండి మీద అతికించాలి. దీవుల్లోని ప్రభుత్వ వాహనాలను, బస్సులను వీలైనంత మేరకు పగటిపూట, సౌర విద్యుత్తు అందే వేళల్లో చార్జ్ చేయాలి. కొత్త వాహనాలతో పాటే కొత్త సౌర సామర్థ్యమూ రావాలి. ఒకటి ముందు వచ్చి మరొకటి కాగితం మీద మిగిలితే, మనం కొన్నది డీజిల్ బండినే.

2011 జనగణన ప్రకారం ఆ దీవుల్లో దాదాపు పదమూడు శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం తీరం నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలెన్నో అక్కడ ఉన్నాయి. లోక్‌సభలో వారందరికీ కలిపి ఉన్నది ఒకే ఒక్క స్థానం. ఈ లెక్క అడిగే బాధ్యతను ఆ ఒక్క సభ్యుడికే వదిలేయడం న్యాయమా? బిల్లులో వాటా కడుతున్న మన ఎంపీలూ అడగాలి.