బిళ్ల తిప్పి చూడండి!

తెలుగునాట అధికారానికి పాత గుర్తు బిళ్ల. భుజం మీంచి వేలాడే పట్టీకి ఇత్తడి బిళ్ల తగిలించుకుని దొరగారి గది ముందు నిలబడేవాణ్ని 'బిళ్ల బంట్రోతు' అన్నారు. మనిషి ఎవరైనా, జీతం ఎంతైనా.. ఆ బిళ్లను చూసి జనం పక్కకు తప్పుకునేవారు. అందులో ఉన్న ఇత్తడి ఖరీదు అణాల్లోనే. దాని వెనకున్న సర్కారుదే అసలు విలువ. సైనికుల టోపీల మీద, భుజాల మీద మెరిసే బ్యాడ్జీల సంగతీ అంతే. అందుకే ప్రపంచమంతా వాటిని ఏరి కూర్చేవాళ్లున్నారు. కొనేవాళ్లున్న చోట నకిలీలు పుట్టకుండా ఉంటాయా?

అసలును నకిలీ నుంచి వేరుచేయడం పెద్ద విద్యేమో అనిపిస్తుంది. మొదటి పాఠం మాత్రం కృష్ణ ఒడ్డునే దొరుకుతుంది. బీచుపల్లి అనగానే ఆంజనేయస్వామి గుడి, పుష్కర ఘాట్లు గుర్తొస్తాయి. ఆ ఊరికి ఇంకో గుర్తింపు కూడా ఉంది.. పదో స్పెషల్ పోలీసు బెటాలియన్. ఇది సైన్యం కాదు, సాయుధ పోలీసు దళం. ఉమ్మడి రాష్ట్రంలో దీన్ని ఏపీఎస్పీ అనేవారు. 2014లో తెలంగాణ వచ్చాక టీఎస్‌ఎస్‌పీ అయింది. 2024లో టీఎస్ పోయి టీజీ రావడంతో టీజీఎస్పీ అయింది. ఉన్న చోటు అదే, పేరులో అక్షరాలు మాత్రం పదేళ్లలో రెండుసార్లు మారాయి. రేపెవరైనా టీఎస్‌ఎస్‌పీ అని రాసున్న బిళ్ల చూపించి 'ఇది 1990ల నాటిదండీ' అంటే గద్వాలలో బడికెళ్లే పిల్లాడు కూడా నవ్వుతాడు. సేకర్తలు చేసే పని ఇదే. బిళ్ల మీదున్న ప్రతి అక్షరాన్నీ, ప్రతి బొమ్మనూ 'నువ్వు ఏ ఏటి నుంచి ఏ ఏటి దాకా?' అని అడుగుతారు.

కిరీటం చెప్పే గుట్టు

హైదరాబాద్ పేరున్న సైనిక దళాలకు ఇలాంటి గడులు బాగా సరిపోతాయి. బ్రిటిష్ ఇండియా సైన్యంలో '19వ హైదరాబాద్ రెజిమెంట్' అనే పేరు 1922లో వచ్చింది. 1945లో అది కుమావూ రెజిమెంట్‌గా మారింది. అంటే ఆ పేరున్న బ్యాడ్జీ ఆయుష్షు 23 ఏళ్లే. నిజాం సొంత సైన్యం వేరే. మొదటి ప్రపంచ యుద్ధంలో మైసూరు, జోధ్‌పూర్ దళాలతో పాటు పాలస్తీనా రంగానికి వెళ్లిన హైదరాబాద్ లాన్సర్లు ఆ సైన్యం వాళ్లే. ఢిల్లీ తీన్‌మూర్తి కూడలిలో నిలబడిన మూడు విగ్రహాల్లో ఒకటి వాళ్ల గుర్తే. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య తర్వాత నిజాంకు విడిగా సైన్యం లేకుండా పోయింది. దాంతో ఆ బిళ్లల తయారీకీ తెరపడింది. ఉన్నవి పెరగవు, అడిగేవాళ్లు తగ్గరు. నకిలీలకు ఇంతకన్నా మంచి పొలం ఎక్కడ దొరుకుతుంది?

బ్రిటిష్ కాలపు బ్యాడ్జీలను పట్టించేది చాలాసార్లు కిరీటమే. 1902 నుంచి రాజుల కాలంలో వాడిన కిరీటం పైభాగం గుండ్రంగా, గుమ్మటంలా ఉంటుంది. ఎలిజబెత్ రాణి గద్దెనెక్కాక వచ్చిన కిరీటానికి పైన మధ్యలో నొక్కినట్టు పల్లం ఉంటుంది. మన దేశం 1950 జనవరి 26న గణతంత్రమైంది. సైన్యంలో కిరీటం పోయి అశోకుడి సింహాలు వచ్చాయి. రాణి గద్దెనెక్కింది 1952లో. కాబట్టి 'రెండో ప్రపంచ యుద్ధం నాటి భారత సైన్యం బ్యాడ్జీ' అని చెబుతున్న దాని మీద పల్లమున్న కిరీటం కనిపిస్తే ఇక బేరం అక్కర్లేదు. చేసినవాడు కమ్మరి పని నేర్చాడు కానీ చరిత్ర చదవలేదన్నమాట!

వెనకవైపే అసలు కథ

గద్వాల చీర కొనే ఆడవాళ్లు ముందు ఏం చేస్తారు? అంచు తిప్పి లోపలివైపు చూస్తారు. నూలు ఒంటికి పట్టు అంచు ఎలా కలిపారన్నది అక్కడే తెలుస్తుంది. బ్యాడ్జీకీ అదే పరీక్ష. అసలు బ్యాడ్జీలు ఎక్కువగా పలుచటి లోహపు రేకును ఉక్కు అచ్చుల మధ్య పెట్టి బలంగా నొక్కి చేసినవి. ముందు ఉబ్బెత్తుగా ఉన్నది వెనక గుంటగా కనిపిస్తుంది. గీతలు పదునుగా ఉంటాయి. నకిలీల్లో చాలావరకు పోత పోసినవి. తిప్పి చూస్తే వెనక మట్టంగానో, ఇసుక రాలినట్టు గరుకుగానో ఉంటుంది. సూదిమొన అంత చిల్లులు కనిపిస్తాయి. ముందువైపు సింహం జూలు వెంట్రుకలుగా కాక ముద్దగా ఉంటుంది.

ఇంకో చిత్రం. కరిగిన ఇత్తడి చల్లారేటప్పుడు కాస్త కుంచించుకుపోతుంది. అసలు బిళ్లతోనే మూస తీసి పోత పోస్తే, పుట్టే నకలు తల్లి కంటే వెంట్రుకవాసి చిన్నదవుతుంది. అందుకే అనుభవమున్న సేకర్త జేబులో భూతద్దంతో పాటు కొలబద్ద కూడా ఉంటుంది.

పాత అచ్చులే ఎవరికైనా దొరికితే? అప్పుడే చిక్కు. వాటితో కొత్తగా కొట్టిన వాటిని 'రీస్ట్రైక్' అంటారు. అచ్చు అసలుదే కానీ ఏ సైనికుడూ దాన్ని పెట్టుకోలేదు. తయారీదారు పేరు చూసి తేల్చుకుందామంటే అదీ కుదరదు. బర్మింగ్‌హామ్‌లోని జె.ఆర్. గాంట్ పేరు ఒకప్పుడు మంచి బ్యాడ్జీకి గుర్తు. ఇప్పుడు నకిలీల వెనక కూడా ఆ పేరే కొడుతున్నారు. ఇలాంటప్పుడు వెనక అతికించిన కొక్కేలు, అరిగిన తీరు, అమ్మేవాడు చెప్పే కథ.. అన్నీ కలిపి చూడాల్సిందే.

నకలు తప్పు కాదు, అబద్ధం తప్పు

నకలు చేయడమే నేరమా అంటే కాదు. సినిమాకు కావాలి, నాటకానికి కావాలి, మ్యూజియంలో ఖాళీ పూడ్చడానికి కావాలి. అసలు పతకం ఎక్కడ పోతుందోనని కవాతుకు నకలు పెట్టుకెళ్లే మాజీ సైనికులూ ఉన్నారు. వారణాసి జర్దోజీ పనివాళ్లు బంగారు తీగతో కుట్టే బ్యాడ్జీలను విదేశీ దళాలే కొనుక్కుంటాయి. అది చక్కని చేతిపని. ఆ నకలుకు మట్టి పూసి, ఆమ్లంలో ముంచి, 'మా తాతగారిదండీ' అని అమ్మినప్పుడే అది నకిలీ అవుతుంది. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద అది మోసం. సైనికుడు కానివాడు జనాన్ని నమ్మించాలని సైనిక దుస్తులో, గుర్తులో ధరిస్తే 168వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు. 2016 జనవరిలో పఠాన్‌కోట్ వైమానిక స్థావరం మీద దాడికి వచ్చినవాళ్లు సైనిక దుస్తుల్లోనే వచ్చారు. బిళ్లకు ఇంత కాపలా ఎందుకో అర్థం కావడానికి అదొక్కటి చాలు.

చింతపండు వద్దు!

ఇదంతా సేకర్తల గొడవ, మనకెందుకు అనుకునే ఇళ్లలోనే అసలైన నష్టం జరుగుతోంది. తాతగారో ముత్తాతగారో సైన్యంలో చేసి ఉంటారు. ట్రంకు పెట్టె అడుగున నల్లబడిన బిళ్ల ఒకటి దొరుకుతుంది. పండగ ముందు ఇత్తడి సామానుతో పాటు దాన్నీ చింతపండు పెట్టి తోమేస్తారు. తళతళా మెరుస్తుంది.. సాక్ష్యం పోతుంది! పెట్టుకున్న మనిషి చేతిలో అరిగిన బిళ్లకు ఎత్తు భాగాలు నున్నగా, పల్లాలు నల్లగా ఉంటాయి. ఆ నలుపు దశాబ్దాల మీద పట్టింది. ఆమ్లంతో తెచ్చిపెట్టిన నలుపు చాలాసార్లు అంతటా ఒకేలా ఉంటుంది. చింతపండుతో తోమితే ఈ తేడా చెరిగిపోతుంది. నిఖార్సైన బిళ్ల కూడా నిన్న కొట్టిందానిలా కనిపిస్తుంది.

పతకాలైతే అంచు చూడాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసినవారికి ఇచ్చిన వార్ మెడల్ అంచు మీద సైనికుడి నంబరు, పేరు, దళం ఉంటాయి. పేరున్న పతకం ఆ ఇంటి చరిత్ర. నకిలీ వ్యాపారులు ఒక్కోసారి ఆ పేరును అరగదీసి ఎక్కువ ధర పలికే మరో పేరు చెక్కుతారు. అలాంటి అంచు కొద్దిగా పలుచబడి ఉంటుంది. అంటే ఒక్క దెబ్బకు ఇద్దరు సైనికుల మీద అబద్ధం చెప్పినట్టు.

బిళ్ల దొరికితే చేయాల్సింది కొంచెమే. మెత్తటి నూలుగుడ్డతో దుమ్ము తుడిచి వదిలేయండి. ముందూ వెనకా ఫొటో తీయండి. డిశ్చార్జి కాగితం, పింఛను పుస్తకం, యూనిఫాంలో దిగిన ఫొటో ఉంటే దాంతో కలిపి పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్లను అడిగి ఆయన పేరు, నంబరు, దళం, ఏ ఏట చేరారో చీటీ మీద రాసి అందులో వేయండి. కాగితం తోడున్న బిళ్లను నకిలీ అనడం ఎవరికైనా కష్టం. ఏ కాగితమూ లేకపోతే, చెప్పగల ఆఖరి పెద్దమనిషి కూడా వెళ్లిపోయాక మీ తాతగారి బిళ్ల సంతలో పోత బిళ్లల పక్కన పడి ఉంటుంది. దాన్ని వేరుచేసి చూపించేవాళ్లు ఎవరూ ఉండరు. ఆ చీటీ ఈ ఆదివారమే రాయండి.