టాబ్లెట్‌కు జాయ్‌స్టిక్: ధర కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న

అండమాన్ రాజధాని పోర్ట్‌బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురంగా మారింది. అక్కడి అబర్డీన్ బజార్ మాత్రం పాత పేరుతోనే నగరానికి ప్రధాన అంగడిగా ఉంది. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. అందుకే ఆ బజారులో తెలుగు వినబడటం వింతేమీ కాదు. పిల్లల ఆటల కోసం టాబ్లెట్‌కు తగిలించే జాయ్‌స్టిక్ కొనేవారు ఏ ఊళ్లోనైనా ముందుగా ధర అడుగుతారు. నిజానికి అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఇది తెరను తాకి పనిచేస్తుందా, బ్లూటూత్‌తో పనిచేస్తుందా?

దీవుల్లో ఈ ప్రశ్నకు విలువ ఎక్కువ. చెన్నై నుంచైనా విశాఖపట్నం నుంచైనా అక్కడికి సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం దాటాలి. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నది పనికిరాకపోతే తిప్పి పంపడం తేలిక కాదు.

టాబ్లెట్ తెర మనం ఎంత గట్టిగా నొక్కామో చూడదు. అద్దం కింద పారదర్శక వాహకంతో గళ్లుగా వేసిన తీగలుంటాయి. వేలు దగ్గరకు రాగానే ఆ చోట కెపాసిటెన్స్ స్వల్పంగా మారుతుంది. ఆ మార్పును బట్టి తెర వేలి స్థానాన్ని గుర్తిస్తుంది. మామూలు ప్లాస్టిక్ పుల్లతో తాకితే స్పందన లేకపోవడానికి కారణం ఇదే.

తెరను తాకే జాయ్‌స్టిక్‌లు ఈ సూత్రం మీదే పనిచేస్తాయి. 2011లో టెన్ వన్ డిజైన్ తెచ్చిన ‘ఫ్లింగ్’, అదే ఏడాది లాజిటెక్ తెచ్చిన ఐప్యాడ్ జాయ్‌స్టిక్ ఈ కోవకు చెందినవే. రబ్బరు కప్పులు అద్దానికి అంటుకుంటాయి. మధ్యలోని వాహక గుండీ వేలి స్పర్శను తెరకు చేరుస్తుంది. వేలు వదలగానే స్ప్రింగు గుండీని తిరిగి మధ్యకు లాగుతుంది. వీటికి బ్యాటరీ అక్కర్లేదు, జత చేసే పనీ లేదు.

లోపాలూ ఉన్నాయి. ఆట తెర మీద గీసిన వలయం, జాయ్‌స్టిక్ కేంద్రం ఒకేచోట ఉండాలి. కాస్త పక్కకు జరిగినా నేరుగా వెళ్లాల్సిన బొమ్మ ఓ పక్కకు లాగుతుంది. అద్దం మీద దుమ్మున్నా, గీతలున్నా కప్పుల పట్టు సడలుతుంది. ఉక్కపోతలో చేతి చెమట తెర మీద చేరితే తెర తప్పుడు స్పర్శలు గుర్తించవచ్చు. పైగా ఆటలో కొంత భాగం జాయ్‌స్టిక్ చాటుకు పోతుంది.

టాబ్లెట్‌కు రెండు వైపులా బిగించే బ్లూటూత్ కంట్రోలర్ దారి వేరు. అది తెరను తాకదు, సంకేతాలు పంపుతుంది. తెర మొత్తం కనబడుతుంది, పట్టూ బాగుంటుంది. జత కలపడానికి ఇంటర్నెట్ అవసరం లేదు. అయితే ధర ఎక్కువ, ఛార్జింగ్ కావాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ ఆట కంట్రోలర్‌ను అంగీకరించాలి. ఐప్యాడ్‌లు 2019 నుంచే ఎక్స్‌బాక్స్, ప్లేస్టేషన్ కంట్రోలర్లను స్వీకరిస్తున్నా, వేళ్ల కోసమే తయారైన ఆటలు ఇప్పటికీ ఉన్నాయి.

అందువల్ల ఏది గొప్పదన్న వాదన కన్నా, ఆడే ఆటను బట్టి ఎంచుకోవడమే సబబు. కంట్రోలర్‌కు వీలున్న ఆటలే ఎక్కువగా ఆడేవారికి బ్లూటూత్ మేలు. వేలు పెట్టిన చోటే వలయం ఏర్పడే ఆటలకు అతికించే జాయ్‌స్టిక్ బాగా నప్పుతుంది, ఖర్చూ తక్కువ. వలయాన్ని జరుపుకోవడానికి కూడా వీల్లేని ఆటకైతే దాన్ని కొనకపోవడమే మంచిది.

భారమంతా కొనేవారి మీదే వేయడం మాత్రం న్యాయం కాదు. పని తీరును పెట్టె మీద స్పష్టంగా ముద్రించడం తయారీదారుల బాధ్యత. వలయం చోటునూ పరిమాణాన్నీ మార్చుకునే వీలు, కంట్రోలర్‌ను వాడుకునే వీలు కల్పించడం ఆటలు రూపొందించేవారి బాధ్యత. చేతులు వణికేవారికీ, చూపు తక్కువైనవారికీ నున్నటి అద్దం మీద వేలికి ఆనవాలు దొరకదు. వారికి చేతికి తగిలే పుల్ల విలాసం కాదు, ఆటలోకి ప్రవేశం. ఆ ప్రవేశం కొన్న వస్తువు అదృష్టవశాత్తూ కుదరడం మీద ఆధారపడకూడదు.