జీతం పెరిగితే ఈఎస్ఐ పోవడమేమిటి?

కేంద్ర కార్మిక, ఉపాధి శాఖ మంత్రి గారికి,

పాశమైలారం, జీడిమెట్ల ఫ్యాక్టరీల్లో జీతం పెరుగుతుందంటే సంతోషించాల్సిన కార్మికుడు భయపడుతున్నాడు. నెలకు 21,000 రూపాయలు దాటితే ఈఎస్ఐ (కార్మిక రాజ్య బీమా) పోతుంది. ఈ పరిమితి 2017 జనవరిలో పెట్టింది. ఆ తర్వాత ధరలు పెరిగాయి, కనీస వేతనాలు పెరిగాయి. దాంతో ఏటా కొందరు కొత్తగా ఈ గీత దాటుతున్నారు. వాళ్లేమీ ధనవంతులు కాలేదు. చేసే పనిలో ప్రమాదమూ తగ్గలేదు.

గీత దాటాక ఆ ఆరునెలల చందా కాలం ముగిసేవరకే ఈఎస్ఐ వర్తిస్తుంది. తర్వాత పనిలో ప్రాణం పోతే, కుటుంబానికి నెలనెలా జీతంలో 90 శాతం దాకా వచ్చే పింఛను ఉండదు. 1923 నాటి పరిహార చట్టం నుంచి సామాజిక భద్రతా కోడ్‌లోకి వచ్చిన లెక్క ప్రకారం ఒకేసారి ఇచ్చే మొత్తమే మిగులుతుంది. అక్కడ ఇంకో గీత ఉంది: జీతం ఎంత ఎక్కువైనా 15,000గానే లెక్కిస్తారు. అది 2020 జనవరి నాటిది.

అంటే 21,000 దాటావని ఈఎస్ఐ నుంచి తీసేసిన ప్రభుత్వమే, చనిపోయాక నీ జీతం 15,000 అంటోంది. ఇది అన్యాయం. 24,000 జీతమున్న 30 ఏళ్ల ఆపరేటర్ పనిలో చనిపోతే కుటుంబానికి చట్టప్రకారం వచ్చేది 15,59,850 రూపాయలు. అసలు జీతంతో లెక్కేస్తే 24,95,760 రావాలి. ఆ తొమ్మిది లక్షల పైచిలుకు ఆ పిల్లలదే.

పైగా ఈఎస్ఐ బయట ఉన్నవాళ్లకు యజమాని బీమా చేయించి తీరాలన్న నిబంధన చట్టంలో లేదు. చేయించని చోట, చిన్న యూనిట్ మూతపడితే, ఎవరిని అడగాలి?

2025 జూన్ 30న పాశమైలారం సిగాచి పేలుడులో యాభై మందికి పైగా పోయారు. కంపెనీ ఒక్కో కుటుంబానికి కోటి రూపాయల చొప్పున ప్రకటించింది. దేశమంతా చూసిన ఘోరం అది. కానీ ఒక్క కార్మికుడే రియాక్టర్ దగ్గర కాలిపోయిన రోజు కెమెరాలు రావు. వాడి ఇంటికి చట్టంలోని లెక్కే దిక్కు.

అందుకే అడుగుతున్నాం. రెండు పరిమితులనూ ఇప్పుడే పెంచండి. ఏటా ధరల సూచీని బట్టి వాటంతటవే మారేలా నియమం పెట్టండి. ఈఎస్ఐ లేని ప్రతి కార్మికుడికీ, కాంట్రాక్టు వాళ్లతో సహా, ప్రమాద బీమా తప్పనిసరి చేయండి. పరిమితులు మార్చడానికి పార్లమెంటు దాకా వెళ్లనక్కర్లేదు. మీ శాఖ నోటిఫికేషన్ చాలు.