ప్రేక్షకుడికి గీత గీశారు, ఇంట్లో ఉన్నవాడికి ఏది?

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి కరీంనగర్ నుంచి ఒక లేఖ.

వింగ్స్ ఇండియా 2026 విమానయాన ప్రదర్శనను జనవరి 28 నుంచి 31 దాకా మళ్లీ హైదరాబాద్ బేగంపేటలోనే జరపాలని మీ శాఖ నిర్ణయించింది. స్టాళ్లు, ఒప్పందాలు, కొత్త విమానాల కొనుగోళ్లు బాగా జరగాలి, వాటితో మాకు పేచీ లేదు. పేచీ అల్లా ఆ సంబరానికి అలంకారంగా పెట్టే వాయు విన్యాసాలతోనే. 2025 నవంబర్ 21న దుబాయ్ ఎయిర్‌షోలో తేజస్ కూలి వింగ్ కమాండర్ నమాంశ్ స్యాల్ చనిపోయారు. ఆ దుఃఖానికి మూడు నెలలైనా నిండకముందే, అదీ 2010లో విన్యాసం చేస్తున్న విమానం ఇంటి మీద పడిన ఊళ్లోనే, మళ్లీ తక్కువ ఎత్తులో గింగిరాలు ఎందుకు? బోయిన్‌పల్లి సంగతి మీ దస్త్రాల్లో లేకుండా పోయిందా?

పోయి ఉంటే గుర్తుచేస్తాం. 2010 మార్చి 3, ఇండియా ఏవియేషన్ ప్రదర్శన తొలిరోజు. నౌకాదళ ‘సాగర్ పవన్’ బృందం కిరణ్ విమానాలతో విన్యాసాలు చేస్తోంది. కిరణ్ అంటే 1964లో తొలిసారి ఎగిరిన హెచ్‌ఏఎల్ శిక్షణ విమానం, ఆ నమూనాకు అప్పటికే నలభై అయిదేళ్లు. కిందికి దూసుకొచ్చి మళ్లీ పైకి లేవాల్సిన చోట ఒక విమానం లేవలేదు. న్యూ బోయిన్‌పల్లిలో ఓ మేడ మీద పడింది. కమాండర్ ఎస్.కె. మౌర్య, లెఫ్టినెంట్ కమాండర్ రాహుల్ నాయర్ ప్రాణాలు కోల్పోయారు. ఆ వీధిలో ఉన్నవాళ్లు గాయపడ్డారు. చూడాలని వచ్చి ఎయిర్‌పోర్టు లోపల కూర్చున్నవాళ్లకు మాత్రం ఏమీ కాలేదు. ఈ లేఖ అంతా ఆ తేడా గురించే. బేగంపేట రన్‌వే పొడవు మూడు కిలోమీటర్ల పైచిలుకు. గంటకు 600 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 160 మీటర్లు దాటుతుంది, ఇరవై సెకన్లలో రన్‌వే అయిపోతుంది. తర్వాత విమానం మలుపు తిరిగేది ఎవరి నెత్తి మీద? రసూల్‌పురా, బోయిన్‌పల్లి, ఫతేనగర్ వాళ్లను ఎవరైనా అడిగారా?

ఎయిర్‌షోల చరిత్ర చూస్తే నిబంధనలన్నీ ప్రేక్షకుడి చుట్టూనే పుట్టాయి. 1988లో జర్మనీలోని రామ్‌స్టైన్‌లో ఇటలీ బృందం విమానాలు ఢీకొని 70 మంది చనిపోయాక, జనం వైపు దూసుకొచ్చే విన్యాసాల మీద ఐరోపాలో ఆంక్షలు బిగించారు. ప్రేక్షకుడికి ఒక గీత గీశారు. 2015 ఆగస్టు 22న ఇంగ్లండ్‌లోని షోరమ్‌లో ఆ గీత అవతలే చావు వచ్చిపడింది. 1950ల నాటి హాకర్ హంటర్ యుద్ధవిమానం లూప్ కొట్టి మళ్లీ పైకి లేవలేక పక్కనున్న ఏ27 రహదారి మీద కూలింది. చనిపోయిన 11 మందీ ఎయిర్‌ఫీల్డ్ బయటివాళ్లే. పైలట్ బతికాడు. దాంతో బ్రిటన్‌లో పాత జెట్‌లను భూభాగం పైన విన్యాసాలు చేయనివ్వకుండా నేరుగా సాగిపోవడానికే పరిమితం చేశారు. పాత విమానం ఎగరడం చూడాలన్న ముచ్చట తప్పేమీ కాదు. మన వాయుసేన దగ్గరున్న డకోటా తలమీదుగా తిన్నగా వెళ్తుంటే ఎవరికైనా ఒళ్లు పులకరిస్తుంది. దానికి పల్టీలు దేనికి?

ఇప్పుడు ఎగిరేవి పాత కిరణ్‌లు కావు, వాయుసేన విన్యాసాల బృందం సూర్యకిరణ్ 2015 నుంచి హాక్‌లతోనే ఎగురుతోంది అంటారు. నిజమే. బీదర్ దగ్గర 2006లో, 2009లో ముగ్గురు సూర్యకిరణ్ పైలట్లు పోయింది కిరణ్‌లలోనే. కానీ 2019 ఫిబ్రవరిలో యలహంకలో ఢీకొన్నవి హాక్‌లు, దుబాయ్‌లో కూలింది కొత్త తేజస్. పాతదైతే ప్రమాదం పెరుగుతుంది, కొత్తదైనంత మాత్రాన పోదు. పైలట్‌కు ఎత్తు చేతిలో ఉన్న డబ్బు లాంటిది, ఆపదలో అదే ఆదుకుంటుంది. తక్కువ ఎత్తు విన్యాసంలో ఆ చెయ్యి ముందే ఖాళీ. మన పైలట్లు మేటి అన్నది ఇంకో మాట. మౌర్య, నాయర్ మేటివాళ్లు కాదా? 2024 డిసెంబర్ 8న హుస్సేన్‌సాగర్ మీద తొమ్మిది సూర్యకిరణ్ విమానాలు తిరిగితే ఏమైందని కూడా అడుగుతారు. ఏమీ కాలేదు, సంతోషం. ఒకసారి ఏమీ కాకపోవడం ఎప్పటికీ ఏమీ కాదనడానికి రుజువా? కుర్రాళ్లు చూసి వాయుసేనలో చేరతారన్న వాదనను మేం తేలిగ్గా తీసేయం. ఆ ఉత్సాహం కలిగించడానికి జనావాసాలే కావాలా, సముద్రతీరం చాలదా?

ఇక అసలు ఇబ్బంది. అహ్మదాబాద్‌లో ఎయిరిండియా విమానం మెడికల్ కాలేజీ హాస్టల్ మీద పడిన వారం లోపే, 2025 జూన్‌లో, విమానాశ్రయాల చుట్టూ ఎత్తు మించిన కట్టడాలను తొలగించే ముసాయిదా నిబంధనలు మీ శాఖే తెచ్చింది. ఇంటికి ఒక అంతస్తు ఎక్కువైతే నోటీసు వస్తుంది. మరి ఆ ఇంటి మీద పల్టీ కొట్టే విమానానికి నోటీసు ఇచ్చేదెవరు? పౌర విమానం కూలితే ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఏఏఐబీ నివేదిక వస్తుంది. సైనిక విమానం కూలితే కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ, దాన్ని జనం ముందు పెట్టే ఆనవాయితీ లేదు. సంబరం పౌర శాఖది, విమానం రక్షణ శాఖది, ఇల్లు మాత్రం మామూలు మనిషిది. అతను ఎవరి గడప తొక్కాలి?

హైదరాబాద్ గొడవ కరీంనగర్‌కు ఎందుకనుకోవచ్చు. మా రాజీవ్ రహదారి హకీంపేట వైమానిక స్థావరం పక్కనుంచే నగరంలోకి వస్తుంది, ఆదిలాబాద్ దిక్కు నుంచి వచ్చే 44వ నంబరు హైవే బోయిన్‌పల్లి మీదుగా వస్తుంది. అదే దారిలో తూప్రాన్ దగ్గర 2023 డిసెంబర్ 4న దుండిగల్ వాయుసేన శిక్షణ విమానం కూలి ఇద్దరు పోయారు. కింద ఊరు లేదు కాబట్టి లెక్క ఇద్దరితో ఆగింది. ఇప్పుడు నిజాం కాలం నాటి ఆదిలాబాద్ ఎయిర్‌ఫీల్డ్‌ను పౌర, సైనిక విమానాలు కలిసి వాడుకోవడానికి 2025 ఏప్రిల్‌లో అనుమతి వచ్చింది. మా దగ్గరి బసంత్‌నగర్ రన్‌వే మీద విమానం కోసం దశాబ్దాలుగా చూస్తున్న మాకు అది పండుగే. వరంగల్ మామునూరు ఎయిర్‌పోర్టు తర్వాత మా వంతు ఎప్పుడని మేమే అడుగుతూ వచ్చాం. ఇప్పటికైతే ఆదిలాబాద్ ఎయిర్‌ఫీల్డ్ చుట్టూ చేలు ఉన్నాయి. రేపు విమానం వస్తే ప్లాట్లు వస్తాయి, ఇళ్లు వస్తాయి. వాటి మీద ఎవరు, ఎంత ఎత్తులో, ఏ విమానంతో ఏం చేయవచ్చో ఇప్పుడే రాసిపెట్టకపోతే, బేగంపేట చుట్టూ జరిగిందే అక్కడా జరగదా?

పండుగ ఆపమనడం లేదు. బేగంపేటలో విమానాలు నేల మీద నిలబడనివ్వండి, జనం దగ్గరికెళ్లి చూస్తారు. పైన ఏం చేయాలో తేల్చే ముందు కింద ఉన్నవాళ్లనూ లెక్కలోకి తీసుకోండి. ఆదిలాబాద్ పత్రాలు తయారయ్యేలోపే ఆ మాట వాటిలో చేర్పించండి.