కొరియా పిల్లల చేతిలో హెస్సే ఎందుకున్నాడు?

ఇంట్లో బీటీఎస్ పిచ్చి ఉన్న ఆడపిల్ల ఉంటే ‘డెమియాన్’ పేరు మీ చెవిన పడే ఉంటుంది. 2016లో వచ్చిన వాళ్ల ‘వింగ్స్’ ఆల్బమ్‌కి ప్రేరణ ఆ నవలే. హెర్మన్ హెస్సే 1919లో ఎమిల్ సింక్లెయిర్ అనే మారుపేరుతో అచ్చు వేయించిన జర్మన్ పుస్తకం. ఆ పాటగాళ్ల పుణ్యాన హెస్సే కొరియాలో వెలిగిపోతున్నాడని అనేవాళ్లున్నారు. నాకైతే అది తిరగేసి చెప్పినట్టుంటుంది. అక్కడ ఇళ్లల్లో ముందే ఉన్న పుస్తకం కాబట్టే వాళ్ల చేతికొచ్చింది.

1950ల్లో మ్యూనిక్ వెళ్లి చదువుకొచ్చిన చొన్ హేరిన్ అనే ఆవిడ ‘డెమియాన్’ని కొరియన్‌లోకి తెచ్చింది. 1965లో, 31 ఏళ్లకే పోయింది. అంటే ఇప్పటి పిల్లల అమ్మమ్మలు పడుచువాళ్లుగా ఉన్నప్పటి సంగతి.

హెస్సేలో మన తూర్పు దేశాల వాసన ఉంది కాబట్టి వాళ్లకి నచ్చాడంటారు కొందరు. వాసన ఉన్నమాట నిజమే. ఆయన తల్లి పుట్టింది కేరళలోని తలశ్శేరిలో, తాతగారు గుండర్ట్ మలయాళ నిఘంటువు రాసిన మనిషి. కానీ అదే కారణమైతే ఆ పాటగాళ్లు ‘సిద్ధార్థ’ తీసుకోవాలి కదా? తీసుకోలేదు.

అసలు కారణం పరీక్ష అని నా నమ్మకం. కాలేజీ ప్రవేశపరీక్షలో ఇంగ్లీషు వినికిడి భాగం నడుస్తున్నంతసేపు విమానాలు కూడా దిగకుండా ఆపే దేశం అది. ట్యూషన్ సెంటర్లు రాత్రి పదింటికల్లా మూసేయాలని సియోల్‌లో నిబంధన పెట్టాల్సొచ్చింది. అలాంటిచోట, 1906లో హెస్సే రాసిన ఇంకో నవల పిల్లలకి ఎలా తగులుతుందో ఆలోచించండి. కొరియన్‌లో దాని పేరుకి ‘బండిచక్రం కింద’ అని అర్థం. హాన్స్ అనే తల్లిలేని పిల్లాడు. చదువు కోసం వాడి కుందేళ్లు పోయాయి, గాలాలు పోయాయి. రాష్ట్ర పరీక్షలో రెండో ర్యాంకు వచ్చింది, ఊరంతా సంబరం. తరవాత పెద్ద బడిలో తలనొప్పులు, మతిమరుపు, ఇంటికి పంపేశారు. చివరికి ఏటిలో శవమై తేలాడు. హెస్సే తనే 14 ఏళ్లప్పుడు, 1892లో, మౌల్‌బ్రాన్ బడి నుంచి పారిపోయినవాడు. ఊహించి రాసింది కాదు.

నాకు మింగుడుపడనిది ఒకటుంది. ‘నీ దారి నువ్వే వెతుక్కో’ అనే ‘డెమియాన్’, కొరియాలో పిల్లలు చదవాల్సిన పుస్తకాల జాబితాల్లో చేరి కూర్చుంది! చదివి రిపోర్టు రాయాలి, దానికీ మార్కులే. అక్కడి తల్లుల్ని చూసి నవ్వే హక్కు మనకి లేదులెండి. ఎనిమిదో తరగతికే ఐఐటీ ఫౌండేషన్‌లో వేసి, ఆదివారం కూడా పరీక్షలు పెట్టే కాలేజీని వెతికి మరీ ఫీజు కట్టేది మనమే కదా.

అయినా ఆ జాబితాలో ఉండటమే మేలంటాను. మార్కుల కోసం తెరిచినా పుస్తకం పుస్తకమే, రాత్రి పదకొండింటికి దుప్పట్లో ఒక్క పిల్లైనా దాన్ని తనకోసం చదువుకుంటుంది. కానీ ‘బండిచక్రం కింద’ మాత్రం పిల్లలకన్నా ముందు అమ్మానాన్నలకివ్వాలి. అందులో పిల్లాడి శవాన్ని పూడ్చిపెట్టాక చెప్పులు కుట్టే ముసలాయన, వెళ్లిపోతున్న మాస్టార్లని చూపించి, ‘వీళ్లూ కారణమే’ అంటాడు. తరవాత కాస్త ఆగి, మనమూ కొంత అశ్రద్ధ చేశామేమో అంటాడు ఆ తండ్రితో. పాపం తండ్రికి ఆ మాట అర్థం కాదు.