అమ్మ రంగు అమ్మదే

అమ్మ సంవత్సరీకానికి పెద్ద ఫొటో ఒకటి కావాలన్నాడు అన్నయ్య. అందరి ఫోన్లూ వెతికితే సరైనది ఒక్కటే దొరికింది. మూడేళ్ల కిందట సంక్రాంతికి మా ఇంటికి వచ్చినప్పుడు, వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే మా అమ్మాయి తీసింది. మెరూన్ అంచున్న ఆవపిండి రంగు మంగళగిరి చీర, నుదుట పెద్ద బొట్టు, నవ్వబోయి ఆగినట్టున్న మొహం.

అన్నయ్య దాన్ని వాళ్ల ఊళ్లో స్టూడియోకి ఇచ్చి, ఫ్రేము కట్టించి మరీ పంపాడు. విప్పి చూసి నేనూ మా అమ్మాయీ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అమ్మ తెల్లగా ఉంది. పౌడరు డబ్బా బోర్లించినంత తెల్లగా. కళ్ల కింద గీతలు లేవు. గడ్డం మీద పుట్టుమచ్చ లేదు. వదిన ఫోన్ చేసి, "అత్తయ్య ఎంత కళగా ఉన్నారో చూశావా?" అంది. ఊఁ అన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా అమ్మది చామనఛాయ. కాదు, చామనఛాయ అనడం కూడా మర్యాద కోసమే, నలుపే. నాదీ అదే రంగు. మా అమ్మాయిదీ అదే. ఆ ఫొటో గోడకెక్కితే రేపు నా మనవలకి తెలిసేది ఆ తెల్లటి ఆవిడే కదా!

పొద్దున లేచి, ఫొటో నేనే ప్రింట్ తీస్తానన్నాను. లాక్‌డౌన్‌లో పిల్లల ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్న ఇంకు ట్యాంకు ప్రింటర్ ఇంట్లోనే ఉంది. గ్లాసీ పేపర్ ప్యాకెట్ తెప్పించి, దేవుడికి దణ్ణం పెట్టుకుని బటన్ నొక్కాను.

వచ్చిన బొమ్మ చూస్తే ఏడుపొచ్చింది. అమ్మ మొహం పసరు పూసినట్టుంది. ఆవపిండి చీర నిమ్మకాయ రంగైంది. మెరూన్ అంచు ఎండిన ఆకులా ఉంది. మా వారు చూసి, "ఎడిటింగ్‌లో ఎరుపు పెంచు, కాస్త బ్రైట్‌నెస్ కూడా పెంచు" అన్నారు. పెంచాను. పసరు పోలేదు సరికదా, బొట్టు చుట్టూ మరకలా తేలింది. అలా నాలుగు కాగితాలు తగలేశాక నాకు బుద్ధొచ్చింది. ఫోన్లో అమ్మ బాగానే ఉంది. తప్పు ప్రింటరుది. మరి నేను ప్రింటర్ని వదిలేసి అమ్మ మొహాన్ని ఎందుకు దిద్దుతున్నాను? స్టూడియో అతను చేసిందీ ఇదేగా!

అక్కడి నుంచి ఫొటో జోలికి పోకుండా మెషిన్ పని పట్టాను. ఇది మీకూ పనికొస్తుంది, కాస్త ఓపిగ్గా వినండి.

మొదటిది, నాజిల్ చెక్. ప్రింటర్ మెనూలోనే ఉంటుంది, మామూలు తెల్లకాగితం చాలు. సయాన్, మెజెంటా, పసుపు, నలుపు, ఈ నాలుగు రంగుల గీతలు వస్తాయి. మాకు మెజెంటా గీతల్లో సగం లేవు. వేసవి సెలవుల్లో రెండు నెలలు ప్రింటర్ ముట్టుకోలేదు, ఇంకు ఎండి రంధ్రాలు మూసుకుపోయాయి. ఆ గులాబీ ఇంకు పడకపోతే మనిషి ఒళ్లు పచ్చబడక ఏమవుతుంది? రెండుసార్లు హెడ్ క్లీనింగ్ పెడితే గీతలన్నీ వచ్చాయి. అలాగని అదేపనిగా క్లీనింగ్ చేయకండి, ఇంకు తాగేస్తుంది. అసలు వారానికో పేజీ రంగుల్లో తీస్తుంటే ఈ తిప్పలే ఉండవు.

రెండోది, పేపర్ రకం. ట్రేలో గ్లాసీ కాగితం పెట్టి, సెట్టింగులో మాత్రం ప్లెయిన్ పేపర్ అనే వదిలేశాను. ఏ కాగితానికి ఎంత ఇంకు వదలాలో ప్రింటరు ఆ మాటను బట్టే లెక్క వేసుకుంటుంది. గారెల పిండి ఇచ్చి దోసెలు పొయ్యమన్నట్టు చేశానన్నమాట. సెట్టింగు గ్లాసీకి మార్చి, క్వాలిటీ హై పెట్టాక చీర చీరలా వచ్చింది.

మూడోది, రంగుల్ని ఇద్దరు సర్దడం. ఫొటో యాప్‌లో ఆటో ఎన్‌హాన్స్ ఉంది, ప్రింటర్ సెట్టింగులో మళ్లీ ఫొటో కరెక్షన్ ఉంది. కూరలో అత్త ఒకసారి, కోడలు ఒకసారి ఉప్పేసినట్టే. రెండూ తీసేశాను.

నాలుగోది, ఫోన్ చెప్పే అబద్ధం. అప్పటికీ ప్రింటు ఫోన్లో కన్నా ముదురుగా వచ్చింది. ఫోన్ తెర తనే వెలుగుతుంది, కాగితం మీద పడ్డ వెలుగే మన కంటికి తిరిగొస్తుంది. పైగా నా ఫోన్లో బ్రైట్‌నెస్ పూర్తిగా ఉంది, రంగులు వివిడ్‌లో ఉన్నాయి, రాత్రిళ్లు కళ్లకి హాయిగా ఉండాలని పెట్టిన పసుపు ఛాయ కూడా ఆన్‌లో ఉంది. వివిడ్ మార్చి నాచురల్ పెట్టాను, పసుపు ఛాయ తీశాను, పక్కన తెల్లకాగితం పట్టుకుని తెర దానంత వెలుగుకి వచ్చేదాకా తగ్గించాను. అప్పుడు చూస్తే ఫొటో నిజంగానే కొంచెం చీకటిగా ఉంది, వరండాలో తీసింది కదా. మొత్తం ఫొటోకి కాస్త వెలుగు పెంచాను. మొహానికి విడిగా కాదు, మొత్తానికి. ఆ తేడా ముఖ్యం.

అయిదోది, మనం చూసే వెలుతురు. భోజనాల గదిలో పసుపు బల్బు కింద చూసి బాధపడ్డ ప్రింటే, తెల్లారి కిటికీ దగ్గర చూస్తే సరిగ్గా ఉంది. తడి ఇంకు మీద తీర్పు చెప్పకండి, రాత్రంతా ఆరనివ్వండి. ప్రతిసారీ పెద్ద కాగితం పాడుచేయకుండా 4×6 కాగితం మీద నాలుగు చిన్న బొమ్మలు వేసి సరిచూసుకోండి.

ఇంకో కిటుకు చెప్తాను. అమ్మ పెళ్లి ఫొటోని ఫోన్లో నలుపు తెలుపుగా మార్చి, కలర్ మోడ్‌లోనే ప్రింట్ తీశాను. అందులో ఎరుపో పచ్చో కనిపిస్తే దోషం ప్రింటర్ వైపు ఉన్నట్టే. నా ప్రింటులో ఏ ఛాయా లేదు. కానీ పెద్దగా అచ్చయ్యాక ఒకటి కనిపించింది. అమ్మ బుగ్గల మీద సన్నటి పెన్సిల్ గీతలు. ఆ రోజుల్లో నెగెటివ్ మీదే దిద్దేవారు. అంటే పెళ్లినాడే మా అమ్మని తెల్లగా చేసేశారు!

ఈ రోగం మన ఊరి స్టూడియోలది మాత్రమే కాదు. రంగు ఫిల్మ్ వచ్చిన కొత్తల్లో ప్రింట్లు సరిచూసుకోవడానికి కోడక్ కంపెనీ ల్యాబులకి ఒక నమూనా ఫొటో పంపేది. 1950ల నుంచి వాడుకలో ఉన్న దాన్ని షిర్లీ కార్డు అనేవారు. అందులో ఉండేది తెల్లజాతి అమ్మాయి. ఆమె ఒంటి రంగు సరిగ్గా వస్తే మెషిన్ సరిగ్గా ఉన్నట్టు లెక్క. నల్లవాళ్లూ గోధుమ రంగు వాళ్లూ కూడా ఉన్న కార్డులు 1990లలో గానీ రాలేదు. కొలబద్దే అలా ఉంటే మా అమ్మలాంటి వాళ్ల రంగు ఎవరికి పట్టింది?

నాకు కార్డు అవసరం లేకపోయింది. అమ్మ పోయాక ఆ మంగళగిరి చీర నేనే తెచ్చుకున్నాను. బీరువాలోంచి తీసి, కిటికీ దగ్గర ప్రింటు పక్కన పరిచాను. అంచు కలిసింది, ఆవపిండి రంగు కలిసింది. మొహం పక్కన నా చెయ్యి పెట్టి చూసుకున్నాను. అదీ కలిసింది.

పిన్ని మాత్రం ఒప్పుకోలేదు. "తెల్లగా పడాలని అక్కకి ఎంత ఆశో నీకు తెలీదే. పోయాకైనా ఆ సరదా తీరనివ్వొచ్చుగా" అంది. ఆ మాట గుచ్చుకుంది. నిజమే, ఫొటో అంటే అమ్మ రెండుసార్లు పౌడరు రాసుకునేది. కానీ మూడు సంబంధాలు రంగు వల్ల తప్పిపోయాయని చెప్పేటప్పుడు అమ్మ గొంతు కూడా నాకు గుర్తుంది. ఆమెకి కావలసింది తెలుపు కాదనుకుంటాను, ఆ మాటలు ఆగిపోవడం. అవి ఆగాలంటే ఆమెని తెల్లగా చేసి గోడకి తగిలించడం మందు కాదు. నల్లటి మా అమ్మాయి రోజూ తలెత్తి చూసేది ఆ గోడనే.

రెండు ఫొటోలూ నాన్నగారి ముందు పెట్టాను. ఏది ఎవరు చేశారో చెప్పలేదు. కళ్లజోడు పెట్టుకుని స్టూడియోది చూసి, "బాగుందమ్మా" అని పక్కన పెట్టారు. నేను తీసినది చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గరకి వెళ్లారు. చాలాసేపటికి, "ఈ చీర ఇంకా ఉందా?" అని అడిగారు.

తెచ్చి ఇచ్చాను. సంవత్సరీకం నాడు గోడ మీదకి వెళ్లింది నా ప్రింటే. అన్నయ్య ఏమీ అనలేదు. వదిన మాత్రం వెళ్లేటప్పుడు మెల్లగా, వాళ్లమ్మగారి ఫొటో కూడా ఒకటి తీసిపెట్టమని అడిగింది.

మీ ఇంట్లోనూ ఇలా దిద్దిన మొహాలు ఉండే ఉంటాయి. అసలు ఫొటో ఫోన్లో ఉండగానే వెతికి పెట్టుకోండి. రంగు తేడా వస్తే ముందు మెషిన్‌ని అనుమానించండి, ఆ తర్వాత కాగితాన్ని, బల్బుని. మనిషిని మాత్రం వదిలేయండి.